2027 మే 5, డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ 70వ వర్ధంతి: బెంగళూరు తెలుగువాళ్లం ఎలా జరుపుకుందాం?

హోసూర్‌రోడ్ తెలుగు
అందరికీ వందనాలు. గుంటూరులో 37 ఏళ్లపాటు వైద్యం చేసిన డాక్టరమ్మ, జేఎంజే (యేసు మరియ జోసెఫ్) సభ మఠవాసిని మేరీ గ్లౌరీ 1957 మే 5న మన బెంగళూరులోనే కన్నుమూశారు. 2027కి 70 ఏళ్లు నిండుతాయి. ఇక్కడి తెలుగు కతోలికులం కలిసి ఏదో ఒకటి చేయాలని సంఘంలో అనుకున్నాం. ఇంకా టైముంది కాబట్టి ముందే అడుగుతున్నా. ఆ రోజు ఆత్మశాంతి పూజ (మాస్) పెట్టించాలా, కృతజ్ఞతా పూజా? గుడిలో పటం పెట్టి దండ వేయొచ్చా? ఒక ప్రార్థన కార్డు, నాలుగు పేజీల జీవితచరిత్ర అచ్చు వేయాలనుంది. అన్నదానం ఒకటే సరిపోతుందా, ఆమె పనికి తగ్గది ఇంకేదైనా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. వాట్సాప్‌లో తిరిగేవి మాత్రం ఇక్కడ అతికించొద్దు, దండం పెడతా.

పాస్కాదీపం
ముందు తేదీ సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

2027లో పాస్కా పండుగ (ఈస్టర్) మార్చి 28న వస్తుంది. మే 5 బుధవారం, పాస్కా ఆరో వారం. అంటే ఇంకా పాస్కా కాలమే, తెల్ల వస్త్రాలు, బలిపీఠం పక్కన పాస్కా దీపం. ఈ కాలంలో మామూలు వర్ధంతికి 'మృతుల కొరకు పూజ' అనే ప్రత్యేక క్రమం వాడకూడదు. పూజ నియమాలు చెప్పే రోమన్ మిస్సల్ జనరల్ ఇన్‌స్ట్రక్షన్ 381వ పేరాలో ఇది స్పష్టంగా ఉంది. మరణవార్త తెలిసినప్పటి పూజకూ, మొదటి వర్ధంతికీ వెసులుబాటు ఉంది. రెండో ఏడాది నుంచి డెబ్బయ్యో ఏడాది దాకా అన్నీ ఒకటే లెక్క, సాధారణ కాలంలోని మామూలు రోజుల్లోనే ఆ క్రమం నడుస్తుంది. చాలాచోట్ల ఇది చూసుకోరు. ఊదా వస్త్రాలు, మృతుల పాటలు సిద్ధం చేసుకుని వస్తారు, సాక్రిస్టీలో (పూజకు సిద్ధమయ్యే గదిలో) ఫాదర్ కాదనేసరికి గాయక బృందం బిక్కమొహం వేస్తుంది.

కాబట్టి ఆ రోజు పూజే చేయించండి, ఉద్దేశం (పూజ ఎవరి కోసమో చెప్పే మాట) మాత్రం ఆమె పేరున రాయించండి. ఉద్దేశానికీ పూజ క్రమానికీ సంబంధం లేదు. ఆమె ఆత్మ కోసమని రాయించినా తప్పు కాదు, ఆమె ద్వారా చేసిన మేళ్లకు దేవునికి కృతజ్ఞతగా అని రాయించినా తప్పు కాదు. 'ఆమె గౌరవార్థం పూజ' అని మాత్రం నోటీసు బోర్డు మీద పెట్టొద్దు. ఆ మాట ధన్యులకు (బ్లెస్డ్), పునీతులకు (సెయింట్) మాత్రమే.

ఆ బుధవారం పఠనాలు కూడా బాగానే కుదిరాయి. అపోస్తలుల కార్యాలు 17వ అధ్యాయం, ఏథెన్సులో పౌలు ప్రసంగం. పరాయి దేశం వెళ్లి, అక్కడివాళ్లకు అర్థమయ్యే తీరులో మాట్లాడిన మనిషి గురించి. ప్రసంగానికి ఇంతకంటే ఏం కావాలి?

వైట్‌ఫీల్డ్ కుర్రాడు
బుధవారమా! సాయంత్రం ఆరున్నరకి పూజ పెడితే వైట్‌ఫీల్డ్ నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఎవరొస్తారన్నా? సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఉండగానే పూజ అయిపోతుంది. ఆదివారానికి మార్చలేమా? 9వ తేదీ అయితే ఎలా ఉంటుంది?

పాస్కాదీపం
9వ తేదీ వద్దు తమ్ముడూ. ఆ ఆదివారం క్రీస్తు మోక్షారోహణ మహోత్సవం. ఆ రోజు గుడిలో మరో విషయానికి చోటుండదు, ఉండకూడదు కూడా. మే 2 ఆదివారం పెట్టుకోండి. తెలుగు పూజ మామూలుగానే జరుగుతుంది, దాని తర్వాత హాల్లో సంస్మరణ సభ. 5వ తేదీన దగ్గర్లో ఉన్న పదిమందితో చిన్న పూజ. సభ వేరు, పూజ వేరు అని విడదీస్తే సగం చిక్కులు అవే పోతాయి. సభలో ఏ పఠనమైనా చదువుకోవచ్చు, ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు.

సభకు నేనైతే అపోస్తలుల కార్యాలు 9:36-42 తీసుకుంటాను. యొప్పాలో తబితా చనిపోతే వితంతువులందరూ పేతురు చుట్టూ చేరి ఏడుస్తూ, ఆమె బతికుండగా కుట్టిపెట్టిన అంగీలు, వస్త్రాలు తీసి చూపిస్తారు. పొగడ్త ఒక్కటీ లేదు అక్కడ. ఇదిగో ఈ బట్ట, ఇదిగో ఈ కుట్టు, అంతే. సభలో మాట్లాడేవాళ్లకి ఈ ఒక్క వచనం చాలు కొలతగా.

పాత ఉపదేశి
పటం, దండ సంగతి నేను చెబుతా. ఇది సున్నితమైన విషయం, ఒక్క ఫోటో తప్పుగా ఫేస్‌బుక్‌లోకి వెళ్లినా ఆమెను పునీతురాలిగా ప్రకటించేందుకు జరిగే విచారణకే (పునీత పట్టా విచారణ) ఇబ్బంది.

8వ ఉర్బను పోపుగారు 1625లోనూ, 1634లోనూ ఇచ్చిన ఆజ్ఞల ప్రకారం తిరుసభ (కతోలిక చర్చి) ప్రకటించకముందే ఎవరికీ బహిరంగ ఆరాధన గౌరవం ఇవ్వకూడదు. ఈ పట్టాలో నాలుగు మెట్లున్నాయి: దైవసేవకురాలు, గౌరవనీయురాలు, ధన్యురాలు, పునీతురాలు. గ్లౌరీ సిస్టరమ్మకు 2013లో దైవసేవకురాలనే పేరొచ్చింది. కార్డు అచ్చుకిచ్చే రోజున పీఠం (బిషప్పుగారి డయోసిస్) కార్యాలయంలో అడిగి, అప్పటి బిరుదునే వేయండి. ధన్యురాలిగా ప్రకటించేదాకా నియమాలైతే ఇవే. విచారణలో ఈ 'బహిరంగ ఆరాధన జరగలేదు' అన్న సంగతిని కూడా విడిగా పరిశీలించి రాతపూర్వకంగా నమోదు చేస్తారు. అందుకే మన ఉత్సాహం ఆమెకు అడ్డు కాకూడదు.

చేతల్లో దీని అర్థమేమిటంటే: పటంలో తల చుట్టూ వెలుగు చక్రం, కిరణాలు ఉండకూడదు. ఫోటోషాప్ వచ్చిన కుర్రాళ్లు అడక్కుండానే పెట్టేస్తారు, చూసి తీయించండి. పటం బలిపీఠం మీదగానీ, దాని దగ్గరగానీ, పునీతుల స్వరూపాల వరసలోగానీ పెట్టకూడదు. పటానికి ధూపం వేయకూడదు. పేరు మీద లితానియా (వరస వేడుకోళ్ల ప్రార్థన) చదవకూడదు, ఊరేగింపు చేయకూడదు. విశ్వాసుల ప్రార్థనలో "మేరీ గ్లౌరీ సిస్టరమ్మా, మా కొరకు ప్రార్థించండి" అనకూడదు. దానికి బదులు "నీ సేవకురాలు మేరీ గ్లౌరీని రోగుల సేవకు పిలిచిన తండ్రీ, మా వైద్యులకు, నర్సులకు అదే కరుణను ఇమ్మని వేడుకొంటున్నాం" అంటే సరిపోతుంది. ప్రార్థన దేవునికే వెళ్తోంది, ఆమె పేరూ వచ్చింది.

ఇంట్లో మీరొక్కరూ కూర్చుని ఆమె మధ్యవర్తిత్వం అడుక్కోవడానికి ఏ అడ్డూ లేదు. తిరుసభ వద్దనేది బహిరంగంగా, గుడి పేరున చేసేదాన్నే.

కమ్మనహళ్లి అక్క
మరి దండ? మన తెలుగిళ్లల్లో పెద్దవాళ్ల పటానికి దండ వేయకపోతే అవమానమనుకుంటారండి.

పాత ఉపదేశి
హాల్లో వేయండమ్మా, నిక్షేపంగా. అది పెద్దవాళ్లకిచ్చే మర్యాద, మన అలవాటు. హాలు గుమ్మం దగ్గర బల్ల, తెల్లగుడ్డ, పటం, ఒక మల్లెదండ. అంతవరకే. ముందు దీపం, అగరొత్తులు, పక్కన కానుక పెట్టె, పటాన్ని తాకి కళ్లకద్దుకునే వరస మొదలైతే మర్యాద కాస్తా మొక్కు అయిపోతుంది. కానుక పెట్టె పెట్టాల్సి వస్తే గది అవతలి గోడకు పెట్టండి.

చరిత్ర చీటీ
జీవితచరిత్రలో దొర్లే తప్పులు ఎప్పుడూ అవే. వరసగా రాస్తున్నా, అచ్చుకిచ్చే ముందు మీ ప్రతితో సరిచూసుకోండి.

పుట్టింది 1887 జూన్ 23, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం, బిర్రెగర్ర. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ప్రాక్టీసు పెట్టుకుని బాగా స్థిరపడిన రోజుల్లో, 1915లో, స్కాట్లాండు డాక్టరమ్మ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించి ఒక చిన్న కరపత్రం చేతికొచ్చింది. ఇక్కడి ఆడవాళ్లు మగ డాక్టర్లకు చూపించుకోరు, ఆడ డాక్టర్లు లేరు, అందువల్ల తల్లులూ పసిబిడ్డలూ చనిపోతున్నారన్నది దాని సారం. ఒక చిన్న కరపత్రం ఒక మనిషిని గుంటూరు దాకా తీసుకొచ్చిందంటే, మీరు వేయబోయే నాలుగు పేజీలనూ తేలిగ్గా తీసుకోకండి.

వెంటనే బయల్దేరలేదు. 1916లో అక్కడి కతోలిక మహిళల సేవాసంఘానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఇక్కడికి రావడానికి ముందే 1919లో ఎండీ చేశారు, ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం అందులో భాగం. ఈ ఓపికను మన చరిత్రలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నా ఉద్దేశంలో అసలు రాయాల్సింది అదే. పిలుపొచ్చాక నాలుగేళ్లు కూర్చుని, అక్కడ ఏ చదువు అక్కరకొస్తుందో లెక్కేసుకుని ఆ చదువే చదివారు.

1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. ఇక్కడో తప్పు తరచూ కనిపిస్తుంది: 'ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు' అని. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. తిరుసభ లెక్కలో కూడా ఆ ప్రాంతం మద్రాసు అగ్రపీఠం కిందే ఉండేది. నెల్లూరు పీఠం 1928లో, అందులోంచి గుంటూరు పీఠం 1940లో వచ్చాయి. 'గుంటూరు బిషప్పుగారు ఆహ్వానించారు' అని రాస్తే ఇరవై ఏళ్లు ముందుకు దూకినట్టే.

ఇంకో తప్పు: జేఎంజే సభను ఆమె స్థాపించారని. కాదు. అది 1822లో డచ్చి దేశంలో జెస్విటు గురువు మథియాస్ వుల్ఫ్ స్థాపించిన సభ. ఆమె వచ్చేనాటికే ఆ సిస్టర్లు గుంటూరులో ఉన్నారు, ఆమె వచ్చి అందులో చేరారు.

మూడోది: 'తిరుసభ అనుమతించింది' అని ఊరకే వదిలేస్తారు. మఠవాసినులు డాక్టర్లుగా పనిచేయకూడదన్నది ఆనాటి నియమం. 15వ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అందరికీ వర్తించేలా నియమం మారింది 1936లో. అంటే పదహారేళ్లు ఆమె మినహాయింపు మీదే పనిచేశారు.

నాలుగోది బెంగళూరువాళ్లందరూ చేసే తప్పు. 'సెయింట్ జాన్స్ వైద్య కళాశాలను స్థాపించారు' అంటారు. కతోలిక వైద్య కళాశాల ఒకటి కావాలన్న పట్టుదల ఆమెది. కళాశాల మొదలైంది 1963లో, ఆమె పోయిన ఆరేళ్లకు. 'ఆమె కన్న కల' అని రాయండి, 'స్థాపకురాలు' అనొద్దు. 1943లో గుంటూరులో కతోలిక ఆస్పత్రుల సంఘం స్థాపించింది మాత్రం ఆమే. ఇవాళ అదే చాయ్ పేరుతో సికింద్రాబాదు కేంద్రంగా నడుస్తోంది.

కమ్మనహళ్లి అక్క
ఆవిడ అసలు రోజువారీ పని ఏమిటో రాయకుండా అన్నీ తేదీలేనా అండీ?

చరిత్ర చీటీ
న్యాయమైన ప్రశ్న. గుంటూరులో చిన్న డిస్పెన్సరీతో మొదలుపెట్టి సెయింట్ జోసెఫ్ ఆస్పత్రిగా పెంచారు. పల్లెలకు వెళ్లి చూసేవారు. ఎన్ని లక్షలమందిని చూశారన్న అంకె కంటే ముఖ్యమైంది, స్థానిక ఆడపిల్లలకు మందులు కలపడం, నర్సింగు, మంత్రసాని పని నేర్పించడం. ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? నేర్పితే పది చేతులవుతాయి. మన నాటు మూలికల గుణాలు తెలుసుకుని వాడారు కూడా. చరిత్రలో ఈ పేరాని పెద్దది చేసి తేదీలను చివర ఒక పట్టికలో వేయండి.

మఠంలో ఆమె పేరు 'తిరుహృదయ మేరీ సిస్టర్'. పటం కింద రెండు పేర్లూ వేయండి, పాత గుంటూరువాళ్లకి ఏదో ఒకటి తెలిసుంటుంది.

అచ్చుతప్పు
అచ్చు గురించి నాలుగు ముక్కలు. బెంగళూరు ప్రెస్సుల్లో తెలుగు వేయించడం వేరే శాస్త్రం.

కార్డు 4 × 6 అంగుళాలు, 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, ఒకవైపు పటం, వెనక ప్రార్థన. పాకెట్లో పెట్టుకునేదైతే 2.75 × 4.25 చాలు, కానీ అప్పుడు తెలుగు అక్షరం 9 పాయింట్ల కంటే తగ్గకూడదు. ఇంగ్లిషు 7 పాయింట్లలో చదవగలం, తెలుగులో వత్తులు ముద్దయిపోతాయి. ఫోటో అచ్చయ్యే కొలతలో 300 డీపీఐ ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పంపితే ముఖం మసకగా వస్తుంది, ప్రెస్సువాణ్ణి తిట్టి లాభం లేదు.

గుంటూరులోనో విజయవాడలోనో అను ఫాంట్లలో టైపు చేయించి ఆ ఫైలు ఇక్కడికి పంపొద్దు. ఇక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలొస్తాయి, ఉన్నా వెర్షను తేడాకి వత్తులు పక్కకి జరుగుతాయి. యూనికోడ్‌లో టైపు చేసి, ఫాంటు పొందుపరిచిన పీడీఎఫ్ ఇవ్వండి. ఇంకా భయముంటే అక్షరాలన్నీ కర్వులుగా మార్చి ఇవ్వండి, ఇక ఎవరూ కదపలేరు.

ప్రూఫు తప్పనిసరిగా తెలుగు చదివేవాళ్లే చూడాలి. ప్రెస్సులో కన్నడ కుర్రాడికి అక్షరాలు దాదాపు తెలిసినవే, అదే ప్రమాదం. తలకట్టు తేడా అతని కంటికి ఆనదు, సరిగ్గానే ఉందంటాడు. ముఖ్యంగా మూడు చూడండి: 'ప్రార్థన' (సగం కార్డుల్లో 'ప్రార్ధన' అని ఉంటుంది), 'సిస్టర్' చివరి పొల్లు, 'మెక్‌లారెన్' మధ్యలో క, ల కలిసిపోయి వత్తు పడటం. ఇంటిపేరు గ్లౌరీ అంటారో గ్లోరీ అంటారో ఒకటే నిర్ణయించుకుని అన్నిచోట్లా అదే వాడండి. కార్డు మీద ఒకటి, బ్యానరు మీద ఒకటి ఉండకూడదు.

పాత ఉపదేశి
దీనికి ఒకటి కలుపుతున్నా. వెనక వేసే ప్రార్థన మీరు సొంతంగా రాయకండి. పీఠం ఆమోదించిన పాఠం అడిగి తెచ్చుకోండి, కింద 'తిరుసభ అనుమతితో' అన్న వరస, 'వ్యక్తిగత ప్రార్థనకు మాత్రమే' అన్న వరస ఉంచండి. తెలుగు అనువాదం కూడా ఆమోదం పొందినదే కావాలి. దీనికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఫిబ్రవరిలోనే అడగండి.

వార్డు నర్సు
సేవా కార్యక్రమం దగ్గరికొస్తా. అన్నదానం మంచిదే కానీ డాక్టరమ్మ పేరున చేసేటప్పుడు ఆరోగ్య పరీక్షలే పెట్టండి. పెడితే సరిగ్గా పెట్టండి. గుళ్లలో జరిగే బీపీ, షుగరు క్యాంపుల్లో సగం అంకెలు నమ్మడానికి వీల్లేనివి.

బీపీ: మనిషి మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చోగానే పట్టీ కడితే అంకె ఎక్కువే వస్తుంది. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపు ఆనించి, పాదాలు నేలమీద, కాలు మీద కాలు లేకుండా. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద. చొక్కా చెయ్యి పైకి బిగించి మడవకండి, జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటే అదీ అంతే. కొలిచేటప్పుడు మాట్లాడించకూడదు. మన తెలుగువాళ్లకి ఇదే కష్టం. లావు చేతికి పెద్ద పట్టీ కావాలి, చిన్నది కడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం ఆగి రెండోసారి చూడండి. 140/90 దాటితే మరో రోజు మళ్లీ చూపించుకోమనాలి, అక్కడికక్కడే 'మీకు బీపీ ఉంది' అని తేల్చేయకూడదు. పైది 180 గానీ, కిందది 120 గానీ దాటితే మళ్లీ చూసి, అదే రోజు ఆస్పత్రికి.

లెక్క: ఒక్కొక్కరికి మెషిను దగ్గర నాలుగు నిమిషాలు. మూడు మెషిన్లతో గంటకు 45 మంది, వందమందికి రెండుంపావు గంటలు. ఐదు నిమిషాల విశ్రాంతి కూడా మెషిను కుర్చీలోనే అయితే ఇది ఐదు గంటలవుతుంది. అందుకే గది బయట పన్నెండు కుర్చీలు వేసి, అక్కడే కూర్చోబెట్టి, ఒక్కొక్కరిని లోపలికి పంపాలి. లైను నిలబెట్టొద్దు.

షుగరు: చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. పూజ తర్వాత చేతుల్లో అరటిపండు, లడ్డూ జిగురు ఉంటుంది. ఆ వేలిమీద చుక్క తీస్తే అంకె 50, 100 ఎక్కువ చూపిస్తుంది. స్పిరిటు రాస్తే పూర్తిగా ఆరాకే గుచ్చాలి. వేలి కొసన కాదు, పక్కన. నొప్పి తక్కువ. సూది ఒకరికి ఒకటి. మార్చే సూది ఉన్న పెన్ను పరికరం క్యాంపుల్లో వాడొద్దు, దానికి అంటిన రక్తంతో కామెర్లు (హెపటైటిస్-బి) పాకిన దాఖలాలున్నాయి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచితే తేమకి పాడవుతాయి. వందమందికి 115 స్ట్రిప్పులు, 120 సూదులు తెచ్చుకోండి, కొన్ని తప్పకుండా వృథా అవుతాయి.

ఇక మన కతోలికులకు మాత్రమే వచ్చే గందరగోళం ఒకటుంది. "దివ్యసత్ప్రసాదానికి ఉపవాసం ఉన్నానండి, ఫాస్టింగే" అంటారు. పూజలో దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకునే ముందుండే ఆ ఉపవాసం ఒక్క గంట. ఫాస్టింగ్ షుగరుకి ఎనిమిది గంటలు కావాలి. అందుకే చీటీలో 'ఫాస్టింగ్' అని రాయకుండా 'చివరిసారి తిన్నది ఎన్ని గంటలకు' అని రాయండి. ఎప్పుడు తిన్నా సరే 200 దాటి, దాహం, అతిమూత్రం ఉంటే ల్యాబు పరీక్షకు పంపాలి. 300 దాటితే అదే రోజు డాక్టరుకి. 70 కన్నా తక్కువ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఈ పంచదార బల్లమీదే ఉండాలి, వంటింట్లో కాదు.

వాడిన సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు క్యాంపులకూ వర్తిస్తాయి. చివర్లో వీటిని తీసుకునే ఆస్పత్రితో ముందే మాట్లాడుకోండి, చెత్తబండిలో పడేయకూడదు. మందులు పంచొద్దు. డాక్టరు లేకుండా బీపీ మాత్రలు చేతిలో పెట్టడం సేవ కాదు.

వైట్‌ఫీల్డ్ కుర్రాడు
అక్కా, ఆవిడ కంటి వైద్యం చదివారన్నారు కదా. కంటి పరీక్ష కూడా పెడితే?

వార్డు నర్సు
పెట్టొచ్చు, ఖర్చు కూడా తక్కువే. చార్టుకీ మనిషికీ మధ్య 6 మీటర్లు ఉండాలి. విచారణ (పారిష్) హాళ్లలో ఆ పొడవు ఉంటుంది. లేకపోతే 3 మీటర్లకు తయారుచేసిన చార్టు కొనుక్కోండి, 6 మీటర్ల చార్టునే దగ్గరగా పెట్టకండి. తెలుగు అక్షరాల చార్టు వద్దు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు చదవడం రాదు, పెద్దవాళ్లలో కొందరికి ఇంగ్లిషు రాదు. ఇంగ్లిషు 'E' ఆకారం నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే చార్టు ఎవరికైనా పనికొస్తుంది, వేళ్లతో దిక్కు చూపిస్తారు. రెండో కన్ను అరచేత్తో మూయాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూస్తారు, కావాలని కాదు, తెలియకుండానే.

6/18 వరస చదవలేనివాళ్ల చేతికి మిల్లీమీటరు రంధ్రం ఉన్న నల్ల అట్టముక్క ఇచ్చి అందులోంచి చూడమనండి. చూపు మెరుగైతే చాలావరకు కళ్లద్దాలతో సరిపోయే సమస్య. మెరుగుపడకపోతే శుక్లమో మరొకటో, కంటి ఆస్పత్రికి పంపాలి. ఈ అట్టముక్క చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు, క్యాంపులో సగం పని అదే చేస్తుంది.

పంపడం అంటే చీటీ చేతిలో పెట్టి వదిలేయడం కాదు. ఏ ఆస్పత్రి, ఏ రోజు, ఓపీ వేళలు ఏమిటి, వెంట ఎవరు వెళ్తారు అన్నవి ముందే తేల్చుకోండి. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి వెళ్లారా లేదా అని కనుక్కునే మనిషి ఒకరుండాలి. మరియదళం (లీజియన్ ఆఫ్ మేరీ) వాళ్లకి ఈ పని బాగా నప్పుతుంది. వారం వారం ఇళ్లు తిరగడం, సమావేశంలో లెక్క చెప్పడం వాళ్లకి అలవాటే.

కమ్మనహళ్లి అక్క
సభలో 'ఆమెకు ప్రార్థిస్తే నాకు నయమైంది' అని సాక్ష్యాలు చెప్పించమని కొందరు అడుగుతున్నారు. చెప్పించొచ్చా?

పాత ఉపదేశి
వేదిక మీద వద్దమ్మా. 'అద్భుతం' అన్న మాట తిరుసభ చెప్పాలి, మైకు కాదు. నిజంగా అలాంటిదేదైనా ఉంటే కాగితం మీద పెట్టించండి: రోగం పేరు, ప్రార్థనకు ముందు తీసిన రిపోర్టులు తేదీలతో, చికిత్స ఏం జరుగుతోంది, ఎప్పటినుంచి ఎవరెవరు ప్రార్థించారు, వేరే పునీతుల్ని కూడా వేడుకున్నారా, తర్వాతి రిపోర్టులు, చూసిన డాక్టర్ల పేర్లు. పాత రిపోర్టు లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఉపయోగం లేదు. మందులు వాడుతూ మెల్లగా తగ్గినవి లెక్కలోకి రావు. హఠాత్తుగా, పూర్తిగా, మళ్లీ తిరగబెట్టకుండా నయమైనవే చూస్తారు. కవరు మీ గుడి విచారణ (పారిష్) గురువుల ద్వారా పీఠానికి పంపితే, అక్కణ్ణుంచి పట్టా విచారణ చూసేవారికి చేరుతుంది.

హోసూర్‌రోడ్ తెలుగు
ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, సంతోషం. మిగిలిన చిన్నవి రెండు: వర్షం, డబ్బు. దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటున్నారు.

చరిత్ర చీటీ
డబ్బు జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవాళ్లు, ఓసీఐ కార్డువాళ్లు పంపితే వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని సంఘం అది తీసుకోకూడదు. ఎవరు ఏ పాస్‌పోర్టో ముందే అడిగి రాసుకోండి, మొహమాటపడొద్దు. గుళ్లో మామూలు కానుక కాక దీనికోసం రెండో కానుక పట్టాలంటే విచారణ గురువుల అనుమతి కావాలి.

కమ్మనహళ్లి అక్క
వర్షం గురించి నేను చెబుతా. మే మొదట్లో బెంగళూరులో మధ్యాహ్నం మూడు దాటితే మబ్బు పట్టి కుండపోత పోస్తుంది, షామియానా ఆగదు. అన్నీ ఉదయమే ముగించుకోండి. పైగా మే నెలంటే సగంమంది పిల్లలతో ఊళ్లకు వెళ్లిపోతారు. మే 2న ఎవరుంటారో మార్చిలోనే పేర్లు రాయించుకోండి.

తిండి పులిహోర చేయించండి, ఉదయం చేసినది మధ్యాహ్నానికి పాడవదు. టిఫినుగా అయితే మనిషికి 80 గ్రాముల బియ్యం, వందమందికి 8 కిలోలు, చింతపండు 800 గ్రాముల దాకా. మజ్జిగ. లడ్డూలు మాత్రం షుగరు బల్ల ముగిశాకే బయటికి తీయండి.

పాస్కాదీపం
తెలుగు పూజకు ముందు తర్వాత వేరే భాషల పూజలుంటాయి కదా. హాలు తాళం, మైకు, పార్కింగు ఎప్పుడు అప్పగించాలో ఆఫీసులో కాగితం మీద రాయించుకోండి. పూజ చివరి దీవెనకు ముందు ప్రకటన రెండు నిమిషాలు మించకూడదు. జీవితచరిత్ర అంతా అక్కడే చదవడం మొదలుపెడితే తమిళ పూజవాళ్లు గుమ్మంలో నిలబడి ఉంటారు.

అచ్చుతప్పు
బ్యానరు ప్రూఫు నాకు పంపండి, రాత్రి పదింటి తర్వాతైనా చూస్తా. మరణ తేదీలో 1957 ఉండాలి, మొన్న నోటీసులో 1967 పడింది.